తగ్గని నొప్పి, నల్లమందు జాతి మందులు

చేయి కాలినప్పుడు పుట్టే నొప్పి ఒంటికి హెచ్చరిక. గాయం మానాక ఆ హెచ్చరికతో పని ఉండదు, నొప్పీ పోతుంది. అలా పోకుండా మూడు నెలలు దాటి నిలిచిపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెట్టినా వైద్యులు దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఆ దశలో అది మరో జబ్బుకు లక్షణంగా మిగలదు, తానే ఒక జబ్బవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన జబ్బుల వర్గీకరణ పదకొండో కూర్పులో దీనికి విడిగా చోటు దక్కింది.

తెలుగు నేల మీద దీనికి పాత ఉదాహరణ ఫ్లోరోసిస్. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును వైద్యులు గుర్తించి వివరంగా రాశారు. తర్వాతి కాలంలో నల్గొండ పేరు దీనితో ముడిపడిపోయింది. నీళ్లలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్లు బిగుసుకుంటాయి, వెన్నెముక చుట్టూ ఉండే నారలు సున్నం పట్టి గట్టిపడతాయి, నడుము వంగదు. తర్వాత మంచి నీళ్లు వచ్చినా అప్పటికే గట్టిపడిన ఎముక వెనక్కి రాదు, నొప్పీ మిగిలే ఉంటుంది. దీనికి కీళ్లవాతం, అరిగిన మోకాళ్లు, నడుం నొప్పి, షుగరు వల్ల అరికాళ్లలో పుట్టే మంట, సర్పి వచ్చి మానాక మిగిలే పోటు, క్యాన్సర్ నొప్పి కలిపితే దీర్ఘకాలిక నొప్పి లేని ఊరంటూ కనిపించదు.

గాయం మానినా నొప్పి ఎందుకు ఉండిపోతుందన్న ప్రశ్నకు 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొత్త దారి చూపించారు. నరాల నుంచి వచ్చే నొప్పి సంకేతం నేరుగా మెదడుకు చేరదనీ, వెన్నుపాములో దాన్ని అడ్డుకునే లేదా వదిలిపెట్టే ఏర్పాటు ఉందనీ వాళ్లు ప్రతిపాదించారు. మోకాలికి దెబ్బ తగిలితే ఎవరూ చెప్పకుండానే చేత్తో రుద్దుకుంటాం. ఆ స్పర్శ నొప్పి సంకేతాన్ని కొంత అడ్డుకుంటుంది కాబట్టే అది హాయినిస్తుంది. భయం, నిద్రలేమి, దిగులు ఉంటే ఇదే ఏర్పాటు అటువైపు తిరిగి సంకేతాన్ని పెంచుతుంది. నొప్పి నెలల తరబడి కొనసాగితే వెన్నుపాములోని కణాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయి. అప్పుడు చీర అంచు తగిలినా భరించలేరు. స్కానింగులో మాత్రం ఏమీ కనిపించకపోవచ్చు. రిపోర్టులన్నీ నార్మల్‌గానే ఉన్నాయి కదా అని ఇంట్లోవాళ్లు అనే మాట రోగిని నొప్పికన్నా ఎక్కువ నొప్పించేది ఇక్కడే.

అన్ని నొప్పులూ ఒక్కటి కావు. కణజాలం దెబ్బతిన్నందువల్ల వచ్చేది ఒక రకం. ఇది సలుపుగా, బరువుగా, కదిలితే ఎక్కువయ్యేట్టు ఉంటుంది. నరమే దెబ్బతింటే వచ్చేది రెండో రకం. కారం రాసినట్టు మంట అనీ, సూదులతో గుచ్చినట్టు ఉందనీ, కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటోందనీ రోగులు చెప్పేది దీని గురించే. మూడోది కణజాలంలోనూ నరంలోనూ పాడైనట్టు ఏమీ దొరకకుండానే నొప్పిని గ్రహించే వ్యవస్థ తీరు మారిపోయి వచ్చేది. ఫైబ్రోమయాల్జియా ఈ కోవలోది. ఈ తేడా తెలియకుండా మందు ఎంచుకోకూడదు. నల్లమందు జాతి మందులు మొదటి రకానికే ఎక్కువగా పనిచేస్తాయి, రెండోదానికి అంతంత మాత్రం, మూడోదానికి దాదాపు పనికిరావు. నరాల నొప్పికి ముందుగా వాడేవి అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటివి.

నల్లమందు వచ్చేది మసాలాలో నూరే గసగసాలిచ్చే మొక్క నుంచే. గింజలో మత్తు లేదని చెప్పుకోవచ్చు, మందు ఉండేది పచ్చి కాయ పాలలో. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్, నీమచ్ జిల్లాల్లో, రాజస్థాన్‌లోని చిత్తోడ్‌గఢ్ ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న రైతులు దీన్ని పండిస్తారు. కాయకు గాట్లు పెట్టి, కారి గట్టిపడిన జిగురును మర్నాడు పొద్దున గీకి తీస్తారు. ఆ సరుకు నీమచ్‌లోను, ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్‌లోను ఉన్న ప్రభుత్వ కర్మాగారాలకు చేరుతుంది. ఈ జిగురులోని అసలు సారాన్ని 19వ శతాబ్దం తొలి ఏళ్లలో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ సెర్ట్యూర్నర్ అనే మందుల దుకాణ ఉద్యోగి విడదీశాడు. అదే మార్ఫిన్. కోడీన్ కూడా ఇదే జిగురులో ఉంటుంది. ఆక్సికోడోన్, బ్యుప్రెనార్ఫిన్ వంటివి మొక్కలోని పదార్థాన్ని మార్చి చేసినవి. ఫెంటానిల్, మెథడోన్, ట్రమడాల్, టాపెంటడాల్ పూర్తిగా ప్రయోగశాలలో పుట్టాయి. పుట్టుక ఏదైనా పని ఒకటే కాబట్టి అన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు.

ఇవి పనిచేసే చోట్లు, అంటే ఓపియాయిడ్ గ్రాహకాలు, మెదడులో ఉన్నాయని 1973లో తేలింది. శరీరం తనంతట తాను తయారుచేసుకునే ఇలాంటి పదార్థాలు రెండేళ్లకు బయటపడ్డాయి. గ్రాహకాలు మెదడులోనే కాదు, వెన్నుపాములో, పేగుల గోడల్లో, ఊపిరిని నడిపే మెదడు కాండంలో కూడా ఉన్నాయి. ఉపకారం, అపకారం రెండూ ఒకే తలుపు గుండా రావడానికి కారణం ఇదే. నొప్పి దగ్గర మార్ఫిన్ చేసేది కూడా చిత్రంగా ఉంటుంది. నొప్పి ఉంది గానీ ఇప్పుడు దాని మీద ధ్యాస పోవట్లేదు అని చాలామంది రోగులు చెబుతారు. సంకేతం తగ్గడంతో పాటు ఆ సంకేతం పెట్టే యాతన కూడా తగ్గుతుందన్నమాట.

క్యాన్సర్ నొప్పికి ఈ మందులు ఎలా వాడాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో మూడు మెట్ల పద్ధతిగా చెప్పింది. మొదటి మెట్టు పారాసిటమాల్, డైక్లోఫెనాక్ వంటివి. రెండోది కోడీన్, ట్రమడాల్ వంటి బలహీనమైన ఓపియాయిడ్లు. మూడోది మార్ఫిన్. ఎక్కువమంది క్యాన్సర్ రోగుల నొప్పి ఈ దారిలో అదుపులోకి వస్తుంది. క్యాన్సర్ కాని నొప్పి సంగతి వేరు. అమెరికాలో 240 మంది మాజీ సైనికుల మీద జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. దీర్ఘకాలంగా నడుం నొప్పి, మోకాలి లేదా తుంటి అరుగుదలతో బాధపడుతున్న వాళ్లలో సగంమందికి ఓపియాయిడ్లు, సగంమందికి ఇతర మందులు ఇచ్చి ఏడాది పాటు చూశారు. రోజువారీ పనులు చేసుకోవడంలో ఓపియాయిడ్ల వల్ల అదనంగా ఒరిగింది ఏమీ లేదు. నొప్పి తీవ్రత ఇతర మందులు వాడిన వాళ్లలోనే కొంచెం తక్కువగా ఉంది. దుష్ఫలితాలు మాత్రం ఓపియాయిడ్లతో ఎక్కువ. అరిగిన మోకాలికి మార్ఫిన్ మొదటి మందు కాకపోవడానికి వెనక ఉన్న లెక్క ఇది. మిగతా దారులన్నీ చూశాక, కొంతమందికి మాత్రమే, కొంత మోతాదులోనే ఇది తగుతుంది.

తగిన వాళ్లకు కూడా లక్ష్యం ముందే నిర్ణయించుకోవాలి. నొప్పిని సున్నాకు దించాలనుకుంటే మోతాదు పెరుగుతూనే ఉంటుంది, సున్నా రాదు. సున్నా నుంచి పది దాకా ఉన్న కొలబద్ద మీద మూడోవంతు తగ్గినా వైద్యులు దాన్ని విలువైన మార్పుగానే లెక్కిస్తారు. అంకెలకన్నా పనులు మంచి గుర్తు. రాత్రి నాలుగు గంటలు ఏకబిగిన నిద్ర పట్టిందా, పీట మీద కాకపోయినా కుర్చీలో కూర్చుని అన్నం తినగలిగారా, ఎవరి సాయం లేకుండా స్నానాల గది దాకా వెళ్లివచ్చారా? మందు మొదలుపెట్టి కొన్ని వారాలు గడిచినా ఇందులో ఏ ఒక్కటీ మారకపోతే మోతాదు పెంచుకుంటూ పోవడం కన్నా మందు మార్చడమో, ఆపడమో మేలు.

మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలు పనిచేస్తుంది. కాబట్టి నొప్పి వచ్చాక వేసుకోవడం కాకుండా గడియారం ప్రకారం వేసుకోవాలి. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది అనేది మన ఆసుపత్రుల్లో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. రాత్రి పదింటికి రెట్టింపు ఇస్తే తెల్లవారుజామున లేవాల్సిన పని ఉండదు. మధ్యలో ఒక్కసారిగా నొప్పి ఎగదన్నితే వేసుకోవడానికి అదనపు మాత్రలు వైద్యుడు విడిగా రాసిస్తాడు. పన్నెండు గంటలు నెమ్మదిగా కరిగే మాత్ర వేరే ఉంది. దాన్ని విరిచినా, నూరి నీళ్లలో కలిపినా పన్నెండు గంటల మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. మింగలేని పెద్దవాళ్లకు మాత్రలు నూరి ఇవ్వడం మన ఇళ్లలో మామూలే గనక ఈ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. చర్మం మీద అంటించే ఫెంటానిల్ ప్యాచ్ మూడు రోజులు పనిచేస్తుంది. వేడి తగిలితే మందు వేగంగా లోపలికి దిగుతుంది. జ్వరంలో, వేడినీళ్ల సంచితో కాపడం పెట్టినప్పుడు, రెంటచింతల, రామగుండం ఎండల్లో తిరిగినప్పుడు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. వాడేసిన ప్యాచ్‌లోనూ మందు మిగిలి ఉంటుంది. దాన్ని జిగురు లోపలికి వచ్చేలా మడిచి పిల్లల చేతికి అందకుండా పారవేయాలి.

ఇక దుష్ఫలితాలు. వీటిలో అతి మామూలుది, అతి తక్కువగా మాట్లాడుకునేది మలబద్ధకం. మిగతా ఇబ్బందులకు శరీరం రోజుల్లోనో వారాల్లోనో అలవాటు పడుతుంది, దీనికి మాత్రం ఎన్నేళ్లు వాడినా అలవాటు పడదు. పేగు గోడల్లోని గ్రాహకాల మీద మందు పనిచేయడంతో పేగు కదలిక మందగిస్తుంది. మలం ఎక్కువసేపు నిలవుండి, నీరంతా ఇంకిపోయి రాయిలా గట్టిపడుతుంది. నీళ్ల విరేచనాలకు మందుల షాపులో ఇచ్చే లోపెరమైడ్ కూడా ఈ జాతిదే. మామూలు మోతాదులో అది మెదడులోకి చేరకుండా పేగు దగ్గరే ఆగిపోతుంది. దానితో కావాలని తెచ్చుకునే మలబద్ధకమే మార్ఫిన్‌తో అక్కర్లేకుండా వస్తుంది.

అందుకే మార్ఫిన్ చీటీ రాసిన రోజే విరేచనం మందు కూడా రాయాలన్నది ఈ వైద్యంలో మొదటి పాఠం. ఇబ్బంది వచ్చాక చూద్దామంటే కుదరదు. పేగును కదిలించేవి బిసకోడిల్, సునాముఖి ఆకు నుంచి తీసిన సెన్నా. మలాన్ని మెత్తబరిచేవి లాక్టులోజ్, పాలీఇథిలీన్ గ్లైకాల్. సాధారణంగా రెండు రకాలూ కలిపి కావాలి. చాలా ఇళ్లలో మొదట చేతికందేది ఇసబ్‌గోల్ పొట్టు. మామూలు మలబద్ధకానికి అది మంచిదే. మార్ఫిన్ మీద ఉండి, నీళ్లు సరిగా తాగలేక మంచం పట్టిన మనిషికి మాత్రం అది పనిచేయకపోగా కదలని పేగులో ఉబ్బి ముద్దకట్టి అడ్డం పడవచ్చు. అరటిపళ్లు, ఆకుకూరలు, నీళ్లు మంచివే గానీ మందు లేకుండా అవి మాత్రమే చాలవు.

ఇందులో ఇంకో మోసం ఉంది. వారం పాటు విరేచనం కాని మనిషికి ఉన్నట్టుండి నీళ్లలా రెండు మూడుసార్లు అవుతుంది. ఇంట్లోవాళ్లు విరేచనాలు పట్టుకున్నాయని లోపెరమైడ్ వేస్తారు. నిజానికి పేగు చివర గట్టిగా అడ్డుపడిన మలం పక్క నుంచి పైనున్న ద్రవం కారుతోంది. వేసిన మాత్ర ఆ అడ్డును ఇంకా బిగిస్తుంది. అప్పుడు కావాల్సింది నర్సు చేతి తొడుగు వేసుకుని చేసే పరీక్ష, ఎనీమా. చాలామంది రోగులు మార్ఫిన్ మానేసేది నొప్పి తగ్గిందని కాదు, ఈ బాధ పడలేక. ముసలి తల్లి కొడుకుతో, కోడలు మామతో ఈ మాట ఎత్తడానికి సిగ్గుపడతారు గనక ప్రతిసారీ వైద్యుడో నర్సో తామే అడగాలి.

వికారం, వాంతులు మొదటి వారంలో చాలామందిని బాధిస్తాయి. కొద్ది రోజులు మెటోక్లోప్రమైడ్ వంటి మందు వాడితే సరిపోతుంది, తర్వాత అవే పోతాయి. మగత కూడా అంతే. నొప్పితో వారాల పాటు నిద్రలేని మనిషి మందు పడగానే రోజంతా పడుకుంటే అది బాకీ పడ్డ నిద్ర కావచ్చు. మూడు నాలుగు రోజులు దాటినా మత్తు వదలకపోతే మోతాదు ఎక్కువైనట్టు, లేదా కిడ్నీలు మందును బయటికి పంపలేకపోతున్నట్టు. మోతాదు మొదలుపెట్టిన, పెంచిన రోజుల్లో బండి నడపకూడదు. నోరు పిడచకట్టుకుపోతుంది. గుక్కగుక్కగా నీళ్లు తాగడం, నోరు తరచూ పుక్కిలించడం పళ్లకూ మంచిది. దురద వస్తుంది, అది చాలావరకు అలర్జీ కాదు. ప్రొస్టేట్ వాచిన పెద్దవాళ్లకు మూత్రం ఆగిపోవచ్చు. కొందరికి పీడకలలు వస్తాయి, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తుంది, నిద్రలో చేతులు కాళ్లు ఉలిక్కిపడినట్టు ఎగురుతాయి. ఇవి మోతాదు మించిందనడానికి గుర్తులు.

కిడ్నీల సంగతి కొంచెం విడిగా చెప్పుకోవాలి. మార్ఫిన్‌ను కాలేయం మార్చి పంపితే ఆ పదార్థాలు మూత్రంలో పోవాలి. కిడ్నీలు దెబ్బతింటే అవి ఒంట్లో పేరుకుని మత్తును, కండరాల అదురును తెస్తాయి. ఫెంటానిల్, బ్యుప్రెనార్ఫిన్ ఈ విషయంలో మేలు. మరోవైపు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మామూలు నొప్పి మాత్రలు కిడ్నీలనే దెబ్బతీయగలవు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట, కిడ్నీ జబ్బు ఇంటింటి మాటైన ఊళ్లలో, నడుం నొప్పికి ఊరి ఆర్ఎంపీ దగ్గర వారానికొక సూది వేయించుకోవడం మార్ఫిన్ కన్నా ప్రమాదం కావచ్చు. మార్ఫిన్ అంటే భయపడే కుటుంబం డైక్లోఫెనాక్ సూదికి భయపడకపోవడం మన దగ్గర తరచూ కనిపించేదే.

ఏళ్ల తరబడి వాడితే కనిపించేవి వేరే ఉన్నాయి. మగవాళ్లలో టెస్టోస్టెరోన్ తగ్గుతుంది. కోరిక పోతుంది, నీరసం, దిగులు వస్తాయి, ఎముక పలచబడుతుంది. ఆడవాళ్లలో నెలసరి తప్పుతుంది. నొప్పి వల్ల వచ్చిన నిరాశే అనుకుని భార్యాభర్తలు దీన్ని ఎవరికీ చెప్పరు. ఒక రక్తపరీక్షతో తేలే సంగతి ఇది. ఇంకో చిత్రం, కొందరిలో మందే నొప్పిని పెంచుతుంది. మోతాదు పెంచినకొద్దీ నొప్పి మొదట్లో లేని చోట్లకు కూడా పాకుతుంది, తాకితే భరించలేనంతగా మారుతుంది. ఇక్కడ మోతాదు తగ్గించడమే వైద్యం.

అన్నిటికన్నా ప్రమాదం ఊపిరి మందగించడం. వైద్యుడి పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచిన మోతాదుతో ఇది అరుదు. అలా జరిగినా ముందు మగత ముదురుతుంది, పిలిస్తే పలకడం తగ్గుతుంది, కంటిపాప సూదిమొనంతగా చిన్నదవుతుంది, గురక మారిపోతుంది. ఆ గుర్తులు చూసి వెంటనే ఆసుపత్రికి చేరిస్తే నలాక్సోన్ అనే విరుగుడు ఉంది. ఈ ప్రమాదాన్ని ఎన్నో రెట్లు పెంచేవి మద్యం, ఆల్ప్రాజొలామ్, డయాజెపామ్ వంటి నిద్ర మాత్రలు, ఎక్కువ మోతాదు ప్రీగాబాలిన్. తెలంగాణలో దీనికి తోడు కల్తీ కల్లు ఉంది. చెట్టు కల్లు పేరుతో అమ్మే దానిలో ఆల్ప్రాజొలామ్, డయాజెపామ్ కలిపిన కేసులు ఎక్సైజు శాఖ మళ్లీ మళ్లీ పట్టుకుంది. మార్ఫిన్ మీద ఉన్న మనిషి నిద్ర మాత్ర వేసుకోవట్లేదని గట్టిగా చెబుతాడు, అబద్ధమూ కాదు. సాయంత్రం తాగిన సీసాలో అది ఉందని అతనికి తెలియదు.

ట్రమడాల్ గురించి కొంచెం. మార్ఫిన్ కన్నా బలహీనమైనది కాబట్టి ప్రమాదం లేనిదన్న పేరు దానికి చాలాకాలం ఉంది. పారాసిటమాల్‌తో కలిపిన మాత్రగా ఎముకల డాక్టర్ల చీటీల్లో అది మామూలు. దానికి సొంత ఇబ్బందులున్నాయి. ఎక్కువ మోతాదులో ఫిట్స్ తెప్పిస్తుంది, మూర్ఛ ఉన్నవాళ్లకు తక్కువ మోతాదులోనూ ప్రమాదమే. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులతో కలిస్తే వణుకు, చెమటలు, జ్వరం, గందరగోళంతో ప్రాణం మీదికి రావచ్చు. పైగా దీన్నీ కోడీన్‌నీ కాలేయంలోని ఒక ఎంజైము మార్చితే గానీ పూర్తి శక్తి రాదు. ఆ ఎంజైము పుట్టుకతోనే చురుగ్గా లేనివాళ్లకు మాత్ర వేసినా గుణం కనిపించదు. మరీ చురుగ్గా ఉన్నవాళ్లకు మామూలు మోతాదే ఎక్కువైపోతుంది.

అలవాటైపోతుందేమో అన్న భయం దగ్గర మూడు వేర్వేరు విషయాలు కలగలిసిపోతుంటాయి. కొన్నాళ్లకు అదే మోతాదు చాలకపోవడం ఒకటి. ఒక్కసారిగా ఆపితే ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లు జలదరింపు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం రెండోది. కొన్ని వారాలు వాడిన ఎవరికైనా ఇది వస్తుంది. స్టెరాయిడ్లు, కొన్ని బీపీ మందులు హఠాత్తుగా ఆపినా శరీరం ఇలాగే తిరగబడుతుంది, వాటిని వ్యసనమని ఎవరూ అనరు. మూడోది వ్యసనం. నొప్పితో సంబంధం లేకుండా మందు కోసమే మందు కావాలనిపించడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇద్దరు ముగ్గురు డాక్టర్ల దగ్గర చీటీలు రాయించుకోవడం దాని తీరు. గతంలో తాగుడు ఉన్నవాళ్లలో, మానసిక సమస్యలున్నవాళ్లలో, చిన్న వయసువాళ్లలో దీని ప్రమాదం ఎక్కువ. మార్ఫిన్‌తో నొప్పి తగ్గి మనుషుల్లో పడినవాడు, మాత్రతో మనుషులకు దూరమైనవాడు ఇద్దరూ మందు ఆపితే ఒకేలా వణుకుతారు. తేడా కనిపించేది వాళ్ల రోజు గడిచే తీరులో.

ఈ తేడాను చెరిపేయడం వల్ల అమెరికా రెండుసార్లు దెబ్బతింది. 1980లో ఒక వైద్య పత్రికలో వచ్చిన ఐదు వాక్యాల ఉత్తరం, ఆసుపత్రిలో ఉంచి ఇచ్చినప్పుడు వ్యసనం అరుదని చెప్పింది. ఆ ఉత్తరాన్ని ఇళ్లలో ఏళ్ల తరబడి వాడే రోగులకూ వర్తింపజేశారు. 1996లో పర్డ్యూ ఫార్మా కంపెనీ నెమ్మదిగా కరిగే ఆక్సికోడోన్ మాత్ర ఆక్సికాంటిన్‌ను మార్కెట్లోకి తెచ్చి నడుం నొప్పి రోగుల దాకా చేర్చింది. వ్యసనం ప్రమాదాన్ని తక్కువ చేసి చెప్పినందుకు 2007లో దాని అనుబంధ సంస్థ నేరం ఒప్పుకుంది, 2020లో పర్డ్యూ ఫార్మాయే మరికొన్ని నేరాలు ఒప్పుకుంది. చీటీ మందులతో మొదలైన చావులు హెరాయిన్‌కు, ఆ తర్వాత దొంగచాటు ఫెంటానిల్‌కు పాకాయి. రెండో దెబ్బ ఓపియాయిడ్ల వాడకం మీద 2016లో అక్కడ వచ్చిన మార్గదర్శకాల తర్వాతది. కొందరు వైద్యులు భయపడి ఏళ్లుగా వాడుతున్న రోగులకు మందు ఉన్నపళంగా కోసేశారు. యాతన, ఆత్మహత్యల దాకా పోయిన ఆ పరిణామాన్ని చూసి 2019లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ హఠాత్తుగా ఆపొద్దని హెచ్చరించింది. ఏడాదికి మించి వాడినవాళ్లకు నెలకు పదో వంతు చొప్పున, లేదా అంతకన్నా నెమ్మదిగా తగ్గించాలన్నది ఇప్పటి పద్ధతి.

భారతదేశం కథ దీనికి తలకిందులు. ప్రపంచానికి నల్లమందు ఎగుమతి చేసే దేశంలో సొంత రోగులకు మార్ఫిన్ దొరకలేదు. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, ఒక్కో ఆసుపత్రికి పలు శాఖల నుంచి పలు లైసెన్సులు కావాలంది. చిన్న పొరపాటుకు జైలు భయం. మందుల షాపులు, ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. చదువుకునే కాలంలో మార్ఫిన్ రాయని డాక్టర్ల తరం ఒకటి తయారైంది. 2017లో లాన్సెట్ కమిషన్ వేసిన లెక్కలో భారతదేశంలో అవసరానికి అందుతున్నది నాలుగు శాతమే. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు 1993లో కోజికోడ్‌లో మొదలుపెట్టిన ఉపశమన వైద్యం ఈ పరిస్థితిని మార్చే ప్రయత్నానికి కేంద్రమైంది. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్‌లకు గుర్తింపు పొందిన వైద్య సంస్థలు రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ నుంచి ఒక్క అనుమతి తీసుకుంటే చాలు. అప్పటిదాకా ఈ చట్టం బయట ఉన్న ట్రమడాల్‌ను 2018లో దీని కిందికి తెచ్చారు.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన వైద్య విభాగం తెలుగువాళ్లకు ఈ మందు అందే పాత దారి. తెలంగాణ ప్రభుత్వం జిల్లా ఆసుపత్రుల్లో ఉపశమన కేంద్రాలు పెట్టి, ఆలన పేరుతో ఇళ్ల దగ్గరకు వెళ్లే వాహనాలు నడుపుతోంది. పల్లెలో మంచం పట్టిన రోగికి ఇందులోని విలువ మందులో సగమే. మిగతా సగం ఇంటికి వచ్చిన నర్సు చేతిలో ఉంటుంది. మాత్రలు లెక్కపెడుతుంది, పొట్ట తాకి చూస్తుంది, చివరిసారి విరేచనం ఎప్పుడైందో అడుగుతుంది.

విదేశాలకు వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి ఉంది. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయే కూలీలు నడుం నొప్పికి రాసిన ట్రమడాల్ షీటును, కోడీన్ ఉన్న దగ్గు మందును సంచిలో వేసుకుని బయలుదేరుతారు. యూఏఈ వంటి దేశాల్లో వీటి మీద కఠినమైన నియంత్రణ ఉంది. ముందస్తు అనుమతి, డాక్టరు చీటీ లేకుండా దొరికితే విమానాశ్రయంలోనే కేసవుతుంది. అమెరికాలోనూ ట్రమడాల్ 2014 నుంచి నియంత్రిత మందే, పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు చీటీ కాపీని మందుతో పాటు ఉంచుకోవాలి.

ఇంట్లో ఈ మాత్రలు బీపీ, షుగరు మాత్రల డబ్బాలో కలపకూడదు. తాళం ఉన్న బీరువాలో విడిగా పెట్టి, వేసిన ప్రతి మాత్రనూ టైముతో సహా ఒక నోటుపుస్తకంలో రాయాలి. అదే పుస్తకంలో విరేచనమైన రోజులు, అదనంగా వేసుకున్న మాత్రలు, రాత్రి నిద్ర కూడా రాస్తే మోతాదు పెంచాలా, తగ్గించాలా అన్నది వైద్యుడికి తేలిగ్గా తెలుస్తుంది. మందు మారినా, రోగి చనిపోయినా మిగిలిన మాత్రలను పక్కింటివాళ్ల నడుం నొప్పికి ఇవ్వకూడదు, చెత్తలో వేయకూడదు. ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగించాలి. అక్కడ వాటిని రిజిస్టరులో రాసుకుంటారు.